తోక ఇంటి వణుకు

ఆదివారం. ఎర్రదిన్నె మజిలీ.

స్కోపు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే జరిగింది రాసిపెట్టాలని మా పెద్ద ఉరుకుందప్ప అన్నాడు. రాస్తున్నాను. నాకు అక్షరాలతో ముఖపరిచయమే గానీ చుట్టరికం లేదు. ఒత్తు జారితే చదివేవాళ్ళు సర్దుకోవాలి, దిద్దే ఓపిక నాకు లేదు. నా పేరు మద్దిలేటి. ఒకదాని వెనక ఒకటి నడిచే ఈ బండిళ్ళ బారులో నాది ఉరుకుందప్ప ఉండే పెద్ద ఇంటి వెనకే నడుస్తుంది. ఆ రెండో చోటు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. మోటారు మూలిగితే నొప్పి ఎక్కడో చెప్పగలిగినవాణ్ణి కాబట్టి వచ్చింది.

ఈ ఉదయం నా పెళ్ళాం సుంకమ్మ సంగటి గెలుకుతుంటే ఇల్లు ధన్‌మని ఆగింది. కుండ వచ్చి నా పాదం మీద పడింది. కుంటుకుంటూ బయటికి వచ్చి చూస్తే బారంతా ఆగి ఉంది. పెద్ద ఇంటి బోర్డు మీద ఈరన్న ఇంటి నెంబరు ఎర్రగా వెలుగుతోంది. మళ్ళీ ఈరన్నే.

మా ఇళ్ళకు స్టీరింగు లేదు. అది మా నాయన కాలంతోనే పోయింది. ముందు ఇంటి నుంచి చివరి ఇంటి దాకా పెనవేసిన జంట తీగ ఒకటి ఉంటుంది. దాని మీద ప్రతి ఇల్లూ తన నెంబరు చెప్పి, నా బ్రేకు ఇలా ఉంది, నా వేగం ఇంత అని పలుకుతూ పోతుంది. ఆ పలుకు చెడిందంటే అన్నీ ఒకేసారి బ్రేకు వేస్తాయి, లేకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కి చస్తాం. ఎవరు పలుకుతుండగా చెడిందో వాళ్ళ నెంబరు బోర్డు మీద వెలుగుతుంది.

వేసవికి ముందు ఈ పీడ లేదు. బారు చివర తోక ఇంట్లో ఉండే కాపలా గంగులప్ప మోకాళ్ళ నొప్పులని గోనెపాడులో ఇంటితో సహా బారు దిగిపోయాడు. అప్పటి నుంచే మొదలైంది. పోతూ పోతూ ఆ ముసలాయనే ఏదో చేసి పోయాడని నా మొదటి అనుమానం. తర్వాత సాలమ్మ ఇంటి నెంబరు వెలగడం మొదలైంది. అనుమానం వచ్చిన ఇంటిని తోకకు పంపడం మా కట్టుబాటు, తెంచాల్సి వస్తే మధ్యలో తీగ పాడు కాకూడదని. తోకకు పంపినా ఆమె నెంబరే వెలిగింది, ఇంకా ఎక్కువగా వెలిగింది. మమ్మల్ని ఆపి వెనక వచ్చే బారుకు నీళ్ళు దక్కేలా చేస్తోందని, దొంగ పలుకుల సాలమ్మని అన్నారు. నల్లవంక దగ్గర తీగ తెంచి, ఆమెనూ కూతురినీ రెండు మేకలనూ అర ట్యాంకు నీళ్ళతో వదిలేశాం. చెయ్యెత్తమన్నప్పుడు అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను.

ఒక పూట బాగానే నడిచింది. ఇప్పుడు మళ్ళీ ఇది. సుద్దకొండ జలాశయం తూము మూసేలోపు చేరకపోతే ఈ ఎండలో మా గతి చెప్పనక్కర్లేదు. ఈరన్నది దొంగ పలుకని తేలితే రేపో ఎల్లుండో వాణ్ణీ తెంచుతారు. తేల్చమని, తీగ మీది పలుకును తెర మీద గీతలుగా చూపే స్కోపును నా చేతికిచ్చారు.

తేలుస్తాను. వాడు బయటి బారు నుంచి వచ్చినవాడు. ఊరికే ఈల వేస్తాడు.

సోమవారం. ఎర్రదిన్నెలోనే.

కదలకుండా నిలబెట్టి తీగకు స్కోపు తగిలించి చూద్దామనుకున్నాను. ప్రోబు ముల్లు ఒక తీగకు, దాని మొసలి క్లిప్పు రెండో తీగకు పట్టించాను. రెండు తీగలు, రెండు కొసలు, చిన్నపిల్లలకైనా తోచేది అదే. క్లిప్పు కరిచీ కరవగానే బారులో ఉన్న హారన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. బ్రేకులు బిగుసుకున్నాయి. పెద్ద ఇంటి మీది నుంచి కోళ్ళు ఎగిరి దూకాయి.

ఉరుకుందప్ప పరుగున వచ్చాడు. కోపం చూపించలేదు. నా చేతులకేసి చూశాడు, నా మొహం వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. సాలమ్మను అలాగే చూశాడు. నేను కావాలని చేశానేమోనని ఆయన లోపల లెక్క వేసుకుంటున్నాడు. స్కోపు చెడిపోయిందన్నాను. నమ్మినట్టు తల ఊపాడు, నమ్మలేదు.

ఆయన వెళ్ళాక సుంకమ్మ స్కోపు వెనక రేకు మీది రాతలు చదివింది. ఆమె నాకంటే గబగబా చదువుతుంది, అర్థం చేసుకునేది నేను. క్లిప్పు ఇంటి ఇనుప చట్రానికే పట్టించాలట, తీగకు పట్టిస్తే తీగ నోరు నొక్కినట్టేనట. రెండు తీగలకు రెండు ప్రోబులు కావాలట. ఆ మాట ముందే చదవొచ్చు కదా అని సుంకమ్మను కసిరాను. నువ్వు అడిగితే కదా అంది.

సాయంత్రం సరిగా తగిలించాను. ఒక గీత పైకి లేస్తే రెండోది కిందికి దిగుతుంది, ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు రోకళ్ళు వేసినట్టు. చూడ్డానికి బాగుంది గానీ ఏమీ నిలవదు. పుట్ట పగిలిన చీమల్లా తెర మీద పరుగెత్తుతున్నాయి.

మంగళవారం. జొన్నగడ్డల దారి, నడకలో.

చీమల్ని ఆపేది ట్రిగ్గర్. గీత దిగినప్పుడల్లా ఆగమని పెడితే ప్రతి ఇంటి పలుక్కీ ఆగి నా ప్రాణం తీసింది. అలా కాదు, ఫలానా నెంబరు వచ్చినప్పుడే ఆగమని చెప్పాలి. ఈ స్కోపుకు ఆ నెంబర్లు చదివే తెలివి ఉంది. మీటలన్నీ నొక్కి నొక్కి ఆ తెలివి ఎక్కడ దాచిందో పట్టాను. ముందు నా ఇంట్లో కూర్చుని నా నెంబరే పెట్టి చూశాను. తెర ఆగింది. నా ఇంటి పలుకు మెట్లు మెట్లుగా, తాపీవాడు తూకం పెట్టి కట్టినట్టు నిటారుగా ఉంది. అలాగే ఉంటుందని నాకు తెలుసు.

తర్వాత ఈరన్న ఇంటికి వెళ్ళి కూర్చున్నాను. ఇప్పుడు తోక వాడిదే. వాడి పెళ్ళాం జయమ్మ మజ్జిగ ఇచ్చింది. తాగలేదు. మంచం కింద తాళం వేసిన పెట్టె ఉంది, కిటికీ తెర సగం మూసి ఉంది, వాడు ఈల వేయడం మానేశాడు. మానేయడం ఎందుకని అడిగాను. మీరు వచ్చినారని మర్యాదకు మానినాను మామా అన్నాడు. మర్యాద ఎక్కువైతే నాకు పడదు.

వాడి నెంబరు పెట్టాను. తెర ఆగింది. చూశాను. ప్రతి మెట్టూ ఎక్కడం ఎక్కుతుంది గానీ ఎక్కాక వణుకుతోంది. పైకి కిందికి, పైకి కిందికి, తాగినవాడు గడప దాటినట్టు. దిగేటప్పుడూ అదే వణుకు. మళ్ళీ ఆపాను, మళ్ళీ అదే. అది చూస్తుండగానే వణుకు ఒకటి పెద్దదై మెట్టును మింగేసింది. ఇల్లు ధన్‌మని ఆగింది.

ఇంకేం కావాలి. అబద్ధం చెప్పేవాడి గొంతు వణుకుతుంది.

బుధవారం. ముళ్ళదిబ్బ మజిలీ.

ఉదయమే పెద్ద ఇంటి పందిరి కింద అందరూ కూడారు. తెర మీద రెండు బొమ్మలూ చూపించాను, నాదీ ఈరన్నదీ. చూసినవాళ్ళు చూసినట్టే ఈరన్నకు దూరం జరిగారు. తెంచడమే అన్నారు. జయమ్మ ఏడవలేదు, చీర కొంగు నడుముకు చుట్టి నిలబడింది. ట్యాంకులో ఎన్ని నీళ్ళు వదులుతారని మాత్రం అడిగింది.

ఈరన్న నా దగ్గరికి వచ్చాడు.

"మామా, నా గొంతు వణికిందంటావు. సరే. తోకలో కూకుంటే ఎవురి గొంతైనా వణుకుతాదేమో జూసినావా?"

"నా ఇల్లు వణకదు," అన్నాను.

"ముందర పెద్దాయన కొంగు పట్టుకోని నడిచే ఇల్లు యాల వణుకుతాది? ఒక దినం నా చోటికి రా. నీది వణకకపోతే నేనే తీగ తెంచుకోని పోతా, నువ్వు కత్తి ఎత్తే పని ల్యా."

జనం నవ్వారు. ఆ నవ్వు వాడి మీదో నా మీదో తేలలేదు. ఉరుకుందప్ప వద్దన్నాడు, రెండో ఇల్లు తోకకు పోవడం మర్యాద కాదన్నాడు. ఆ మాటతో నాకు ఇంకా పట్టుదల వచ్చింది. మద్దిలేటి ఇల్లు ఎక్కడున్నా మద్దిలేటి ఇల్లే. తోకకు తిప్పమన్నాను.

గురువారం. ముళ్ళదిబ్బ దాటి, దారి మధ్యలో.

నా నెంబరు వెలిగింది.

మూడుసార్లు వెలిగింది. రెండో చోట నడుస్తున్న ఈరన్న ఇల్లు కిక్కురుమనలేదు.

ఉరుకుందప్ప ముందు నుంచి తోక దాకా నడిచి వచ్చాడు. ఆయన వెనక ఒక్కొక్కరే వచ్చారు. సొంత బావమరుదుల్లా ముప్పొద్దులా నా ఇంట్లో తిన్నవాళ్ళే, నా గుమ్మానికి పది అడుగుల దూరంలో ఆగారు. ఉరుకుందప్ప నెమ్మదిగా అన్నాడు.

"మద్దిలేటీ, సోమవారం ఆ హారన్లు మోగినప్పుడే నాకు తోచినాది."

"ఏం తోచినాది?"

"నేను సెప్పను. నువ్వే సెప్పు."

ఇన్నేళ్ళలో నాతో ఎవరూ ఆ గొంతుతో మాట్లాడలేదు. పొద్దువాలేదాకా గడువు అడిగాను. అడగడం నాకు అలవాటు లేదు, అయినా అడిగాను. ఇచ్చాడు. నా ఇంటి ముందు కత్తి పట్టుకుని ఒకణ్ణి కాపలా పెట్టాడు కూడా.

లోపలికి వచ్చి నా నెంబరు పెట్టి తెర ఆపాను. అదే వణుకు. ఈరన్న ఇంటిలో చూసిన వణుకే, వెంట్రుకవాసి తేడా లేదు. ముందు స్కోపును అనుమానించాను. తర్వాత చోట్లు మారేటప్పుడు ఈరన్న నా ఇంటి వెనక తీగ తగిలించే సాకెట్టులో ఏదైనా పెట్టాడేమోనని విప్పి చూశాను. దుమ్ము తప్ప ఏమీ లేదు. చివరికి సుంకమ్మను కూడా అడిగాను, నువ్వేమైనా ముట్టుకున్నావా అని. ఆమె నాకేసి చూసిన చూపు ఇక్కడ రాయను.

అలా కూర్చుని చూస్తుంటే మా నాయన మడి గుర్తొచ్చింది. కాలువ చివర మడవ తెరిచి ఉంటే నీళ్ళు చేనులోకి ఇంకిపోతాయి. మూసి ఉంటే చివరి దాకా వెళ్ళి, గట్టును తన్నుకుని, వచ్చిన దారినే వెనక్కి వస్తాయి. వెనక్కి వచ్చేవీ ముందుకు పోయేవీ కొట్టుకుని నీళ్ళు ఎగిరెగిరి పడతాయి. ఈ వణుకు అదే. ఇల్లు పలికిన పలుకు తీగ చివరికి పోతోంది, అక్కడ దాన్ని తాగేది ఏదీ లేక తిరిగి వస్తోంది. తోకకు దగ్గరున్న ఇంటికి ఆ దెబ్బ ఎక్కువ తగులుతోంది. అంతే.

మరి గంగులప్ప ఉన్నప్పుడు ఎందుకు రాలేదు? ఆ మాట పైకే అన్నాను. సుంకమ్మ జవాబు చెప్పింది.

"ఆయప్ప ఇంటి ఎనక సాకెట్టుకు మూత ఉండ్లా? దుమ్ము పోకుండా అనుకుంటిమే. పెద్దింటి ముందర ఉండేదీ అట్లాంటిదే గదా."

పెద్ద ఇంటి ముందు సాకెట్టుకు నల్లటి మూత ఉంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ బయల్దేరే ముందు ఆడవాళ్ళు దానికి పసుపు రాసి కుంకుమ పెడతారు, ప్రయాణం బాగా జరగాలని. అదేమిటని ఎవరూ అడగలేదు, నేను కూడా. గంగులప్ప మూత గంగులప్ప ఇంటితోనే గోనెపాడులో ఉండిపోయింది.

కాపలావాణ్ణి వెంటబెట్టుకునే ముందుకు నడిచి, ఆ మూత విప్పాలన్నాను. పందిరి కింద ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. ఉరుకుందప్ప మొహం నల్లబడింది. తోక చెడగొట్టింది చాలక తల కూడా చెడగొడతావా అన్నాడు. నేను బతిమాలలేదు. ఎట్లాగూ రేపు తెంచేదే కదా, ఒక మూత విప్పితే నీకు పోయేదేముంది అన్నాను. ఆయన ఆలోచించి, బారు ఆగి ఉంది కాబట్టి సరేనన్నాడు. కానీ తానే విప్పాడు, నా చేతిని తాకనివ్వలేదు.

లోపల రెండు పిన్నుల మధ్య రెసిస్టర్ ఒకటి, చింతగింజంత. మీటరు పెట్టాను. నూట ఇరవై ఓములు చూపించింది. తీగ తల దగ్గర పలుకును తాగి మింగేది అదే. తోక దగ్గర దానికి జోడీ ఉండాలి. తోక ఇంటివాళ్ళ పని పడిపోయిన సామాను ఏరుకురావడమే అనుకున్నాం ఇన్నాళ్ళూ.

అలాంటి రెసిస్టర్ ఈ బీడు నేలలో ఎక్కడ దొరుకుతుంది? ఇంటికి వచ్చి కరెంటు పొయ్యి విప్పాను. కాయిల్ తీగకు మీటరు పెట్టుకుంటూ, నూట ఇరవై దగ్గర కత్తిరించాను. సుంకమ్మ ఏమీ అనకుండా సంగటి కుండ తీసి పక్కన పెట్టింది. రెండు కొసలూ వెనక సాకెట్టులో బిగించి గుడ్డ చుట్టాను.

స్కోపు తెర మీద నా మెట్లు మళ్ళీ నిటారుగా నిలబడ్డాయి.

శుక్రవారం. సుద్దకొండ దారి.

పొద్దున నుంచి బారు ఒక్కసారి కూడా ఆగలేదు. మధ్యాహ్నం అన్నాలకు నేనే ఆపించాను.

అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. ఈరన్న మళ్ళీ ఈల వేస్తున్నాడు, జయమ్మ మజ్జిగ పంపింది, ఈసారి తాగాను. పుల్లగా ఉంది. ఉరుకుందప్ప నా భుజం తట్టాడు. నా రెండో చోటు నాకు తిరిగిస్తానన్నాడు. నేను సాలమ్మ మాట ఎత్తాను. ఆయన చెయ్యి నా భుజం మీద నుంచి దిగింది.

వెనక్కి పోతే పోను రెండు, రాను రెండు రోజులన్నాడు. నీళ్ళ సంగతి చూడాలన్నాడు. చివరికి ఆ ఇంటి నెంబరు వెలిగిన మాట నిజమే కదా అన్నాడు.

"నాదీ ఎలిగినాది," అన్నాను. "నన్నూ తెంచు."

"నువ్వు వేరే, మద్దిలేటీ."

"ఎట్ల వేరే? అదే బోర్డు, అదే ఎరుపు."

ఆయన తల తిప్పుకున్నాడు. నాకు తెలిసింది. సాలమ్మను తెచ్చుకుంటే, తప్పు చేశామని రోజూ కళ్ళ ముందు తిరుగుతుంది. తేకపోతే ఆమె దొంగ పలుకుల సాలమ్మగానే ఉండిపోతుంది, మనం మంచివాళ్ళుగా ఉండిపోతాం.

వెనక్కి నడిచి, నా ఇంటి సాకెట్టులోని కాయిల్ ఊడబీకి జేబులో వేసుకున్నాను. తీగ విప్పేశాను. ఒంటరి ఇల్లు తీగ లేకుండానూ నడుస్తుంది, వచ్చిన గాడి పట్టుకుని ఎద్దుబండిలా. నేను వచ్చేదాకా ఇక్కడే ఉండండని చెప్పాను. పొయ్యిలు అందరి ఇళ్ళలోనూ ఉన్నాయని ఎవరో గొణిగారు. ఉన్నాయి. కొలిచే మీటరు నా దగ్గరుంది. అడ్డదిడ్డంగా కత్తిరించి నడుపుకోండి, ఎన్ని అడుగులు పోతారో చూస్తాను అన్నాను.

ఈరన్న నీళ్ళ క్యాను ఒకటి మోసుకొచ్చి నా గుమ్మంలో పెట్టి, అడగకుండానే ఎక్కి కూర్చున్నాడు. నీకెందుకురా అన్నాను. నువ్వు అట్లనే పారిపోతావేమోనని నాకు అనుమానం మామా అన్నాడు. వాడికి బుద్ధి రావడం మొదలైంది.

ఆదివారం. నల్లవంక.

ఇల్లు వదిలిన చోటే ఉంది. ఒక చక్రం ఇసుకలో కూరుకుంది. సాలమ్మ, కూతురు చెన్నమ్మ ఇంటి నీడలో కూర్చుని ఉన్నారు. ఒక మేక ఉంది. రెండోదాన్ని గురించి అడగలేదు. ఈరన్న క్యాను దించితే చెన్నమ్మ లేవలేకపోయింది, వాడే గ్లాసు పట్టుకుని తాగించాడు. సాలమ్మ తాను తాగే ముందు నీళ్ళను వాసన చూసింది, కొంచెం అరచేతిలో పోసుకుని నాలుకకు అద్దుకుంది. తప్పు పట్టను. నేనైనా అదే చేస్తాను.

తర్వాత నన్ను చూసింది.

"ఈసారి ఎవుర్ని తెంచినారు?"

ఎవర్నీ తెంచలేదన్నాను. కాయిల్ తీసి చూపించి, గంగులప్ప మూత సంగతీ, పలుకు తిరిగి రావడమూ అన్నీ చెప్పాను. నీ తప్పేమీ లేదు, తీగ తప్పు అన్నాను. ఆమె అంతా వింది. గ్లాసు కింద పెట్టింది.

"తీగ తప్పు సరే. తీగేమన్నా చెయ్యెత్తినాదా మద్దిలేటన్నా?"

కాయిల్ మళ్ళీ జేబులో వేసుకున్నాను. ఈరన్న ఇసుక తవ్వుతూ తవ్వుతూ ఆగాడు, మళ్ళీ తవ్వాడు.

అప్పుడు ఆమె తన మాట చెప్పింది. బారులోకి వస్తుంది గానీ తోకలో నిలబడదు. తోకకు దగ్గర్లో కూడా నిలబడదు. రెండో చోటు కావాలి, పెద్ద ఇంటి వెనక, ఉరుకుందప్ప పొద్దున లేవగానే ఆమె ఇంటి గుమ్మం కనిపించాలి. ఇస్తే ఇయ్యి, లేకుంటే నీ నీళ్ళు ఎత్తుకోని పో అంది.

ఆ రెండో చోటు నాది. ఎలా సంపాదించానో ముందే రాశాను. ఇచ్చాను.

గురువారం. సుద్దకొండ.

చేరాం. తూము సగం దించేశారు, అడుగు నీళ్ళు దక్కాయి. బురద, అయినా నీళ్ళే. గుడ్డలో వడకట్టుకుంటున్నారు.

తోక ఇల్లు ఇప్పుడు నాది. ఉరుకుందప్ప మార్చుకోమని ఒకరిద్దరితో కబురు పెట్టాడు, మార్చుకోనన్నాను. తోకలో ఉన్నవాడి చేతిలోనే బారు నడక ఉందని వాళ్ళకిప్పుడు తెలిసింది, అందుకే అడుగుతున్నారని నా అనుమానం. సుంకమ్మ మూడు రాళ్ళ పొయ్యి మీద వండుతోంది. పొయ్యి కాయిల్ పోయిందన్న మాట నాకు రోజూ వినిపిస్తోంది.

రోజూ బయల్దేరే ముందు సాలమ్మ ముందు నుంచి తోక దాకా నడిచి వస్తుంది. నాతో మాట్లాడదు. నా సాకెట్టు మీది గుడ్డ విప్పి, కాయిల్ కొసలు వేలితో లాగి చూస్తుంది. మీటరు కోసం చెయ్యి చాపుతుంది, ఇస్తాను. నూట ఇరవై చూసి, మళ్ళీ గుడ్డ చుట్టి వెళ్ళిపోతుంది. నేను కట్టిన ముడిని మరొకరు పరీక్షించడం నాకు ఇష్టం లేదు. ఆమె వచ్చిపోయేదాకా బారు కదిలించవద్దని మాత్రం చెప్పాను.